రైన్ లోయలో ఆఖరి పంటు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో జర్మనీలోని రైన్ నదీ విహారం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఆ నది ఒడ్డునే ఉన్న మైంజ్ నగరంలో కొన్నేళ్లుగా ఉంటున్నవాడిని. కోటలు, ద్రాక్షతోటలు, లోరెలై కొండ గురించి వ్యాసకర్త రాసినదంతా నిజమే. అయితే ఆ లోయను యాత్రికుడికి చూపించడానికి ఎందరు ఎవరెవరితో సర్దుకోవలసి వచ్చిందో, ఏ విషయంలో ఇంకా సర్దుకోలేదో అందులో లేదు. వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఇటే వస్తారు కాబట్టి ఆ సంగతి కూడా మన పాఠకులకు తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను.

బింగెన్, రూడెస్‌హైమ్ పట్టణాల నుంచి కోబ్లెంజ్ దాకా ఉన్న 65 కిలోమీటర్ల లోయను యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎడమ ఒడ్డంతా రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్రానిది. కుడి ఒడ్డున రూడెస్‌హైమ్, లోర్ఖ్ వరకు హెస్సెన్ రాష్ట్రం, అది దాటితే మళ్లీ రైన్‌లాండ్-ఫాల్ట్స్. గుర్తింపు వచ్చిన మూడేళ్లకు, 2005లో, రెండు రాష్ట్రాలూ అక్కడి జిల్లాలూ పురపాలికలూ కలిసి ఒక ఉమ్మడి సంస్థను ఏర్పాటు చేసుకున్నాయి. అదే ఏడాది కుడి ఒడ్డు కొండల మీదుగా బాన్ నుంచి వీస్‌బాడెన్ దాకా 320 కిలోమీటర్ల రైన్‌స్టైగ్ కాలిబాట మొదలైంది. అది మూడు రాష్ట్రాల గుండా పోతుంది. నీలం రంగు మీద తెల్లటి ఆర్ అక్షరం దాని గుర్తు. చెట్ల మీదా, స్తంభాల మీదా, ద్రాక్షతోట గోడల మీదా ఆ గుర్తే పట్టుకుని నడుస్తూ పోతే, రాష్ట్రం ఎక్కడ మారిందో నడిచేవాడికి తెలియనే తెలియదు. నా దృష్టిలో ఇక్కడి పొత్తు సాధించిన మంచి పనుల్లో అది మొదటిది.

ఈ లోయ చరిత్ర చూస్తే ఆ మాత్రం పొత్తు కూడా చిన్న విషయం కాదు. మనం ఫొటోలు తీసుకునే కోటల్లో చాలా వాటికి నదిలో పోయే పడవలను ఆపి సుంకం పిండడం ఒక ముఖ్యమైన పని. కౌబ్ దగ్గర నది మధ్య రాతి దిబ్బ మీద ఓడ ఆకారంలో నిలిచిన ఫాల్ట్స్‌గ్రాఫెన్‌స్టైన్‌ను 14వ శతాబ్దంలో అందుకోసమే కట్టారు. కాంప్-బోర్న్‌హోఫెన్ పైన కొండ మీద స్టెరెన్‌బెర్గ్, లీబెన్‌స్టైన్ అని రెండు కోటలు పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో దళసరి గోడ. అన్నదమ్ములు పడక అడ్డుగోడ కట్టుకున్నారని ఊరివాళ్ల కథ. రైన్ మీద సుంకాలు పూర్తిగా పోవడానికి 1868 నాటి మన్‌హైమ్ ఒప్పందం దాకా ఆగవలసి వచ్చింది.

ఇక సర్దుకోని విషయానికి వస్తాను. మైంజ్, కోబ్లెంజ్ నగరాల మధ్య రైన్ మీద ఒక్క వంతెన కూడా లేదు. ఈ లోయలో బింగెన్, నీడర్‌హైంబాఖ్, కౌబ్, సాంక్ట్ గోఆర్, బోపార్డ్ రేవుల్లో కార్లనూ మనుషులనూ కలిపి దాటించే పంటులే దిక్కు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటినవారికి ఈ దృశ్యం కొత్తేమీ కాదు. కానీ అన్ని రేవులకూ ఒకే వేళలు లేవు.

ఒక వేసవిలో మా నాన్నగారిని తీసుకెళ్లి ఎడమ ఒడ్డున ఒక లాడ్జిలో దిగాం. సాయంత్రం కుడి ఒడ్డున భోజనం చేసి తిరిగి రేవుకు వచ్చేసరికి ఇనుప గొలుసు అడ్డంగా వేసి ఉంది, ఆఖరి పంటు వెళ్లిపోయింది. ఎదురుగా అవతలి ఒడ్డున మా గది కిటికీ కనిపిస్తోంది. నాన్నగారు లైటు ఆర్పకుండా వచ్చారేమో, అది వెలుగుతూనే ఉంది. ఆ కిటికీ దగ్గరికి చేరడానికి మేము రైలెక్కి కోబ్లెంజ్ వెళ్లి, అక్కడ నది దాటి, రైలు మారి మళ్లీ వెనక్కి రావలసి వచ్చింది. అప్పటికి పదకొండు దాటింది. మే నుంచి సెప్టెంబరు దాకా వేర్వేరు ఊళ్లలో అయిదు రాత్రులు ‘జ్వాలల్లో రైన్’ పేరుతో బాణసంచా వేడుక జరుగుతుంది. పదుల కొద్దీ ఓడలను వరుస తప్పకుండా నడిపించగలిగిన ఈ ఊళ్లు, మామూలు రోజున రాత్రి పదింటికి ఒక పంటు నడపడానికి ఎందుకు ఒక మాట మీదికి రాలేవో నాకు అర్థం కాదు.

సాంక్ట్ గోఆర్ దగ్గర వంతెన కట్టాలన్న వాదన దశాబ్దాలుగా ఉంది. పని కోసం రోజూ నది దాటవలసిన స్థానికుల బాధ నిజమైనదే, దాన్ని బయటివాడిగా నేను తేలిగ్గా తీసుకోను. అయితే ఎల్బే నది మీద వంతెన కడుతున్నందుకే డ్రెస్డెన్ లోయ 2009లో యునెస్కో జాబితా నుంచి తొలగిపోయింది. వంతెన సంగతి ఎప్పటికి తేలుతుందో గాని, పంటు వేళలు పెంచడానికి ఏ యునెస్కో అనుమతీ అక్కర్లేదు.

టికెట్ల విషయమూ అంతే. ఈ చిన్న లోయలో మూడు రవాణా సంఘాల చార్జీల మండలాలు కలుస్తాయి. 2023 మే నెలలో దేశమంతటికీ ఒకే నెలవారీ టికెట్టు వచ్చాక స్థానిక రైళ్లలో ఆ తలనొప్పి తీరింది. ఆ టికెట్టు జేబులో ఉన్నా మేము ఎక్కిన పంటుకు మాత్రం విడిగా డబ్బు చెల్లించాం.

మామూలుగా ఒక నగరంలో జరిగే జాతీయ ఉద్యాన ప్రదర్శన 2029లో ఈ లోయ పొడవునా జరగబోతోంది. వచ్చేవారు ఒక ఒడ్డునే ఉండిపోరు. పూలమడులకు కేటాయించే సొమ్ములో కొంత తీసి, కనీసం ఆ ఆరు నెలలైనా అన్ని రేవుల్లో రాత్రి పదకొండు దాకా పంటులు నడిపి, వాటి చార్జీని ప్రదర్శన టికెట్టులోనే కలపాలని ఇక్కడి ఉమ్మడి సంస్థకు కూడా జర్మన్‌లో రాశాను. జవాబు ఇంకా రాలేదు.

ఈలోగా ఇక్కడికి రాబోయే మన పాఠకుల కోసం ఒక చిన్న మాట వేయగలిగితే సంతోషిస్తాను. ఏ రేవులో నది దాటినా, పంటు దిగగానే అక్కడి బోర్డు మీద ఆఖరి పంటు వేళ ఫొటో తీసి ఉంచుకోమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
మైంజ్, జర్మనీ