కొత్త ట్యాంకుకు నిధులున్నాయి, పాత వాల్వుకు?

ఆర్థిక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి,

ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పైపులు పొలాల కింద నుంచి వెళ్లడానికి 2015లో చట్టం చేశారు. ప్రభుత్వ పూచీపై భారీగా రుణాలు తెచ్చారు. మంచిదే. నగరపాలక సంస్థల్లో మనిషికి రోజుకు 150 లీటర్లు లక్ష్యం అన్నారు. అది సగటు లెక్క. మా వరంగల్, హనుమకొండల్లో గుట్టలున్నాయి. సగటు లెక్క గుట్ట మీదికి నీరెక్కించదు.

అసలు చిక్కు గంటల లెక్కన నీళ్లు వదలడంలో ఉంది. వాల్వు కట్టేయగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. అతుకు వదులైన చోట బయటి మురుగును పైపే లోపలికి లాగేసుకుంటుంది. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్న ప్రమాణం ఇక కాగితానికే. పైగా ఎగువ ఇంటివారు కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే దిగువ వారికి వచ్చేది గాలి. (ఈ విషయంలో మా వీధి కూడా ధర్మాత్ముల వీధేమీ కాదు.)

ట్యాంకుకు శిలాఫలకం వేస్తారు. అరిగిన వాల్వుకు ఎవరు వేస్తారు? ఖజానా నుంచి ఖర్చుకు అనుమతినిచ్చే రాబోయే ద్రవ్య వినిమయ బిల్లులో పట్టణ నీటి సరఫరా నిర్వహణకు విడిగా, వేరే పనులకు మళ్లించడానికి వీల్లేని పద్దు పెట్టండి. ప్రతి సరఫరా జోన్ మొదట్లో, జోన్‌కు వదిలే మొత్తం నీటిని కొలిచే బల్క్ మీటరు బిగించి, వదిలిన నీరెంత, ఇళ్లకు చేరినదెంత అన్నది నెలనెలా వార్డు కార్యాలయంలో అతికించమనండి.

ఇట్లు,
హనుమకొండ నివాసి ఒకరు