గేజీలో ఫుల్, ఇంజన్‌కు నిల్: సెకండ్ హ్యాండ్ కారవాన్ డీజిల్ ట్యాంకులపై ఫిర్యాదు

విజయవాడ,
2025 డిసెంబరు 8.

మేనేజర్ గారికి,
పాత వాహనాల అమ్మకాల విభాగం,
హైదరాబాద్.

విషయం: నవంబరు 5న మీ దగ్గర కొన్న కారవాన్‌లో డీజిల్ ట్యాంకుల గురించి తప్పు చెప్పి అమ్మడం, దానివల్ల మాకు కలిగిన నష్టం.

అయ్యా,

నేను బ్యాంకులో 32 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో 17 లక్షల 40 వేలు పెట్టి, టెంపో ట్రావెలర్ మీద కట్టిన కారవాన్ మీ దగ్గర కొన్నాను. మంచం, వంటగట్టు, టాయిలెట్, చిన్న జనరేటర్, వీటి మీద నాకు ఫిర్యాదు లేదు. మంచం కాస్త పొట్టి, కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నాం, అది చూసే కొన్నాం. ఫిర్యాదంతా బండి కింద ఉన్నదాని గురించి.

అమ్మేటప్పుడు మీ సేల్స్ కుర్రాడు చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒరిజినల్ ట్యాంకు 70 లీటర్లు, ఎక్స్‌ట్రా ట్యాంకు 80, మొత్తం 150. రెండు మూతల్లో ఎందులో పోసినా ఒకటే సార్, లోపల కలిసిపోతాయి." ఆ ట్యాంకులు ఎలా కలిశాయో ఒక కాగితం మీద గీసి ఇవ్వమన్నాను. నవ్వాడు. "నింపుకోవడం, పోవడం, అంతే సార్" అన్నాడు. నేనూ నవ్వాను. లోన్ ఇచ్చేటప్పుడు ఇలాంటి నవ్వుకు ఏనాడూ పడిపోని వాణ్ణి, కొనేటప్పుడు పడిపోయాను.

నవంబరు 22 తెల్లవారుజామున నేనూ మా ఆవిడా అరకు బయల్దేరాం. ఊరు దాటగానే బంకులో ఆపాం. బండి కుడివైపు ఒకదానికొకటి జానెడు దూరంలో రెండు నల్ల మూతలున్నాయి, కవల పిల్లల్లా. ఒకదాని మీద ఏమీ రాసి లేదు, రెండోదాని మీదా లేదు. బంకు కుర్రాడు దగ్గరగా ఉన్న మూత తీసి పైపు పెట్టాడు. రెండు లీటర్లు పడిందో లేదో, లోపల కూరగాయలు కడుగుతున్న మా ఆవిడ కేక పెట్టింది, కుళాయిలో డీజిల్ వాసన అని. అది మంచినీళ్ళ ట్యాంకు మూత. కుర్రాడి తప్పు ఏముంది? నాకే తెలియదు.

ఆ గొడవ సర్దుకుని, పక్క మూతలో డీజిల్ పోయిస్తే 78 లీటర్లు పట్టింది. గేజీ ముల్లు మాత్రం సగం దగ్గరే ఉంది, కదల్లేదు. పాత బండి కదా, ముల్లు నిదానంగా లేస్తుందేమో అనుకున్నాను. నిజంగానే లేచింది! ఏలూరు దాటేసరికి సగం కంటే పైకి, రాజమండ్రి వంతెన మీద ముప్పావుకు, తుని దగ్గర ఇంకా పైకి. నడిచేకొద్దీ డీజిల్ పెరిగే బండిని నేను ఎక్కడా చూడలేదు. అయినా మీ కుర్రాడి మాట నమ్మినవాణ్ణి కాబట్టి, "చూశావా, లోపల కలుస్తోంది, అతను చెప్పింది నిజమే" అని మా ఆవిడతో అన్నాను కూడా. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. కానీ మీ తప్పుడు మాట ఎంత చక్కగా అతికిందో మీకు తెలియాలని రాస్తున్నాను.

అనకాపల్లి చేరేసరికి ముల్లు ఫుల్ మీద కూర్చుంది. కొత్తవలస దగ్గర బైకు మీద వెళ్తున్న ఒకాయన అద్దం కొట్టి "మీ బండి కారతంది" అని అరిచి వెళ్ళాడు. దిగి చూస్తే ఎడమవైపు చక్రం వెనక రోడ్డు మీద తడి చార. ట్యాంకు నిండుగా ఉంది, కుదుపుకు ఒలికిందేమోనని మళ్ళీ ఎక్కాను. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మూడో మలుపులో ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గేజీ ఫుల్. వెనక ఆర్టీసీ బస్సు, దాని వెనక జీపులు. లోపల దీపం కోసం జనరేటర్ నొక్కితే అదీ రాలేదు. మీ కుర్రాడికి ఫోన్ చేస్తే, "గేజీ ఫుల్ ఉంది కదా సార్, డీజిల్ ప్రాబ్లం కాదు, ఫిల్టర్ అయ్యుంటుంది" అన్నాడు. రెండోసారి చేస్తే "సెకండ్ హ్యాండ్ కదండీ" అన్నాడు. మూడోసారి ఎత్తలేదు.

ఎస్.కోట నుంచి ఒక మెకానిక్ బైకు మీద వచ్చాడు. పేరు రాయను గానీ, మీ సంస్థ మొత్తానికి తెలియని సంగతి ఆయన అరగంటలో పట్టుకున్నాడు. టార్చి నోట్లో పెట్టుకుని బండి కింద దూరి పైపు వెంట పైపు తడుముకుంటూ పోయాడు. చివరికి మంచం కింద అరలో, పాత గుడ్డ చుట్టి, పైన రంగు కూడా పూసేసిన ఒక ఇత్తడి కుళాయి దొరికింది. మూడు దారుల కుళాయి. ఇంజన్ ఏ ట్యాంకులోంచి తాగాలో తేల్చేది అదే. ఎవరు తిప్పి పెట్టారో గానీ, ఆ రోజు అది రెండో ట్యాంకు, అంటే ఎక్స్‌ట్రా ట్యాంకు మీద ఉంది. బండిని హైదరాబాద్ నుంచి మా ఇంటికి తెచ్చి ఇచ్చింది మీ డ్రైవరే. ఆయనకు ఈ కుళాయి సంగతి తెలిసే ఉండాలి.

అసలు కిటుకు ఇంకొకటి ఉంది. డీజిల్ ఇంజన్ పంపు లాగిన డీజిలంతా కాల్చదు. మిగిలింది రిటర్న్ పైపులో తిరిగి ట్యాంకుకు పంపుతుంది. రెండు ట్యాంకులు పెట్టినప్పుడు, తాగే పైపుతో పాటు ఆ రిటర్న్ పైపు కూడా ట్యాంకు మారాలి. మీరు అమ్మిన బండిలో కుళాయి తిప్పితే తాగే పైపు ఒక్కటే మారుతుంది. రిటర్న్ ఎప్పుడూ మొదటి ట్యాంకులోకే. బండి మళ్ళీ స్టార్టయ్యాక మెకానిక్ ఆ పైపు ఊడదీసి, ఇంజన్ నడిపి, అర లీటరు మంచినీళ్ళ సీసాలో పట్టి చూపించాడు. అయిదు నిమిషాలు కాకముందే నిండింది. "ఏటి బాబూ ఇది, ఒక కుండలో నీళ్ళు తాగి ఇంకో కుండలో ఎంగిలి పోస్తన్నాది" అన్నాడు.

నాకు బ్యాంకు భాషలో వెంటనే అర్థమైంది. డెబిట్ రెండో ఖాతాలో, క్రెడిట్ మొదటి ఖాతాలో, నా చేతిలో పాస్‌బుక్ మాత్రం మొదటి ఖాతాది. ఎందుకంటే గేజీ మొదటి ట్యాంకులోనే ఉంది. ఆ రాత్రే లెక్క వేశాను. రెండో ట్యాంకులో దాదాపు 80 లీటర్లు. 400 కిలోమీటర్లకు లీటరుకు 10 చొప్పున ఇంజన్ కాల్చింది 40. మొదటి ట్యాంకు సగం నుంచి నిండటానికి 35. మిగిలిన 5 లీటర్లు ట్యాంకుకు గాలి ఆడే గొట్టంలోంచి కొత్తవలస, ఎస్.కోట రోడ్డు మీద పోయాయి. లెక్క రూపాయితో సహా సరిపోయింది. ఆ తడి మీద ఏ బైకువాడైనా జారి ఉంటే ఎవరిది బాధ్యత అన్నది మాత్రం నా లెక్కలోకి రాలేదు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్‌తోనే.

కుళాయి తిప్పాక కూడా బండి వెంటనే కదల్లేదు. పైపుల్లో ఎయిర్ పట్టేసింది. ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతిపంపు బొటనవేలితో నొక్కుతూ నొక్కుతూ, నురగ పోయి చుక్క చుక్క శుభ్రమైన డీజిల్ వచ్చేవరకు ఇరవై నిమిషాలు. రాత్రి ఏడున్నరకు స్టార్టయింది. అరకు పోలేదు, వెనక్కి వచ్చి ఎస్.కోటలో పడుకున్నాం.

వారం తర్వాత ఇక్కడ షెడ్‌లో బండి లేపించి చూపించాను. రెండో ట్యాంకు మామూలు రేకుతో కట్టించింది. పట్టీలు రెండే, ఒకటి వదులు. సైలెన్సర్ పైపుకు జానెడు దూరం. జనరేటర్ కూడా ఆ ట్యాంకు అడుగునుంచే తాగుతుంది. పద్ధతిగా కట్టిన మోటర్‌హోముల్లో జనరేటర్ పైపు ట్యాంకులో పావు వంతు పైనే ఆగుతుంది, రాత్రంతా ఏసీ వేసుకున్నా తెల్లారి ఇంటికి పోవడానికి డీజిల్ మిగలాలని. ఇందులో ఆ ఆలోచనే లేదు. పాత ఓనర్ సొంత తెలివితో చేయించుకుని ఉంటాడు, కాదనను. కానీ దాన్ని "150 లీటర్ల కెపాసిటీ" అని గొప్పగా చెప్పి అమ్మింది మీరు.

ఇంకో సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా వాహనంలో మార్పులు చేయకూడదు. ఈ ట్యాంకుకు ఆర్‌టీఓ అనుమతి కాగితం మీరు ఇచ్చిన ఫైల్లో లేదు. రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట వంగి చూసేది అక్కడే.

నేను అడిగేవి ఎక్కువేం కావు. ఆ ట్యాంకు ఎవరు, ఎప్పుడు బిగించారో కాగితాలుంటే ఇవ్వండి, లేకపోతే లేవని రాతపూర్వకంగా చెప్పండి. అనుమతి లేకపోతే మీ ఖర్చుతో రెండో ట్యాంకు తీసేసి, జనరేటర్‌ను మొదటి ట్యాంకుకు పావు వంతు పైన కలిపించండి. అనుమతి ఉంటే రిటర్న్ కూడా మారే వాల్వు వేయించి, రెండో ట్యాంకుకు వేరే గేజీ పెట్టించండి. ఏది చేసినా మూతల మీద డీజిల్, నీళ్ళు అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి. మెకానిక్‌కు 3,000, నీళ్ళ ట్యాంకు కడిగించి పైపులు, ఫిల్టర్ మార్చినందుకు 4,600, మొత్తం 7,600 రూపాయలు తిరిగి ఇవ్వండి. బిల్లుల నకళ్ళు జత చేశాను. కారిపోయిన డీజిల్ అడగను, అరకు పోలేకపోయినదీ అడగను.

పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, దానికి హైదరాబాద్ రానక్కర్లేదు. రెండేళ్ళ గడువుంది. రిటైరైన వాణ్ణి, తీరికకు లోటు లేదు.

ప్రస్తుతం రెండో ట్యాంకు ఖాళీ చేయించి, కుళాయిని మొదటి ట్యాంకు మీద పెట్టి తీగతో కట్టేశాను. మీ మెకానిక్ ఏ రోజైనా రావచ్చు, ఆదివారం మధ్యాహ్నం తప్ప. వచ్చే ముందు ఫోన్ చేయమనండి. బండి మా వీధి చివర వేపచెట్టు కింద ఉంది, తాళాలు మా ఆవిడ దగ్గరుంటాయి.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)

జతపరచినవి: ఇన్వాయిస్ నకలు, మెకానిక్ బిల్లు, నీళ్ళ ట్యాంకు బిల్లు, కుళాయి ఫొటోలు రెండు.