ఊదకు, పీల్చు!

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. ఇంట్లో అందరూ బాగున్నారు, చిన్నాడి పరీక్షలు అయిపోయాయి, నీ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. అసలు సంగతి వేరే. అది నీకు చెప్పకపోతే పొట్ట పగిలేలా ఉంది. (నిజంగానే పగలొచ్చు, 18 కుట్లున్నాయి.)

గాల్ బ్లాడర్ తీసేశారురా. చిన్న రంధ్రాలతో అయిపోతుందన్నారు గానీ, లోపల వాచి అతుక్కుపోయిందట. కుడి పక్కటెముకల కింద జానెడు కోశారు.

ముందురోజు సాయంత్రం ఫిజియోథెరపిస్ట్ ఊపిరి కసరత్తుకని ఒక ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి, ఏదో హడావిడిలో చెప్పీ చెప్పకుండా వెళ్ళిపోయింది. మూడు గదులు, మూడు బంతులు, ఓ గొట్టం. హాస్టల్లో బెలూన్ల పందెం తర్వాత నువ్వు నన్ను 'కొలిమి తిత్తి' అనేవాడివి గుర్తుందా? ఆ బిరుదు నిలబెట్టుకోవాలని మొహం ఎర్రబడేదాకా ఊదాను. బంతులు కదల్లేదు. పక్క మంచం పెద్దాయన "ఇంకాస్త గట్టిగా బాబూ" అని ఎగదోస్తున్నాడు. చివరికి పాడైపోయిన డబ్బా ఇచ్చారని సిస్టర్ మీద ఎగిరాను. ఆవిడ తాపీగా, "ఊదకూడదు సార్, పీల్చాలి. ఇన్నేళ్ళు పొగ పీల్చారుగా, గాలి పీల్చలేరా?" అంది.

పీల్చా. మూడూ లేచాయి. ఓస్, ఇంతేనా అనుకుని పడుకున్నా.

ఆపరేషన్ అయ్యాక అదే డబ్బా నోట్లో పెట్టుకుంటే ఒక్క బంతి కూడా పూర్తిగా లేవలేదురా. గుక్క లోపలికి తీస్తే కోత దగ్గర కత్తి దిగినట్టుంది. అందుకని పైపైన ఊపిరి తీస్తూ, వెల్లకిలా, కదలకుండా పడుకున్నా. దగ్గొస్తే మింగేశా. రాత్రికి గొంతులో గరగర, వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ అంకె 96 నుంచి 91కి దిగింది. నిజం చెప్పనా, భయమేసింది. ఆ చీకట్లో నాకు మన వార్డెన్ గారి... సరేలే, అది కలిసినప్పుడు.

మత్తు డాక్టర్ వచ్చి చెప్పారు. మత్తు ఎక్కిన కొన్ని నిమిషాల్లోనే ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలి గదులు కొన్ని ముడుచుకుపోతాయట, పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి. గాలి గొట్టాల్లో కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగు కూడా మందగిస్తుందట. చాలామందికి మెల్లగా అన్నీ సర్దుకుంటాయి. నాలా నొప్పికి జడిసి గుక్క బిగబట్టేవాళ్ళకే చిక్కు. గదులు మూసుకునే ఉంటాయి, కఫం అక్కడే నిలుస్తుంది, అది న్యుమోనియా దాకా పోవచ్చు. పైపొట్ట కోతకి ఈ గొడవ మరీ ఎక్కువట. "నొప్పి ఓర్చుకుంటే మెడల్ ఎవరూ ఇవ్వరు. మందు అడిగి వేయించుకోండి, దగ్గండి" అన్నారు. నేనేమో నోరు మూసుకుని ఓర్చుకోవడం గొప్పనుకుంటున్నా!

నొప్పి మందు పడ్డ అరగంటకి ఫిజియో ఆవిడ నన్ను లేపి, కాళ్ళు వేలాడేయించి కూర్చోబెట్టింది. దిండు మడిచి కోత మీద పెట్టి రెండు చేతులతో అదిమిపట్టుకోమంది. నెమ్మదిగా నిండుగా పీల్చు, మూడు లెక్కపెట్టేదాకా ఆపు, వదులు. అలా నాలుగైదు సార్లు. తర్వాత నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని తోయాలి. ఆఖర్న ఒక్క గట్టి దగ్గు. ప్రాణం పోయిందనుకున్నా గానీ, దిండు భలే కాసింది. బొటనవేలంత చిక్కటి కళ్ళె ఊడిపడింది. (తింటూ చదువుతుంటే క్షమించు.) ఇంటర్ పాసైనప్పుడు కూడా ఇంత సంబరపడలేదు! పొద్దుటికి అంకె 94.

ఇప్పుడు మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పది గుక్కలు. రెండు బంతులు లేస్తున్నాయి, మూడోది మొండికేస్తోంది. ఆ డబ్బా ఒక్కదాన్నే నమ్ముకుంటే కుదరదని, నడకే అసలు మందని ఆవిడ గొడవ. రోజుకి మూడుసార్లు కారిడార్ తిప్పుతోంది. పళ్ళు కూడా శుభ్రంగా తోమాలట, నోట్లో క్రిములే కిందికి జారతాయని.

ఇదంతా నీకెందుకంటే, నీకూ పూర్తి మత్తే ఇస్తారన్నావు కదా. నీ ఆపరేషన్‌కి ఇంకా ఆరు వారాలుంది. సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు ఆపాలిరా. నేను పది రోజుల ముందు ఆపి, డాక్టర్‌తో నెల అని చెప్పబోయి నాలుక కరుచుకున్నా. ఆలస్యంగానైనా ఆపడం మంచిదే అన్నారనుకో, కానీ నువ్వు ఈ రాత్రే ఆపెయ్. బీరువా వెనక దాచిన పెట్టె కూడా, నాకు తెలుసు. ఆ డబ్బా ఇప్పుడే అడిగి తెచ్చుకుని పీల్చడం, దిండు పట్టుకుని దగ్గడం నేర్చుకో. నొప్పిలో కొత్త పాఠం తలకెక్కదు. ఇంకోటి, ఆ మేక జోకు మాత్రం ఉత్తరంలో రాయకు, నవ్వితే కుట్లు...

అదిగో, చెప్పుల చప్పుడు. ఆవిడే. దిండు ఎక్కడ పెట్టానో!

నీ
కొలిమి తిత్తి