లాహిరి పాట గురించి రమణకి

రమణా,

నీ ఉత్తరం చేరింది. మీ అన్నయ్యగారి షష్టిపూర్తిలో నువ్వూ చెల్లెమ్మా కలిసి ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాడతామంటే ఎంత సంతోషమేసిందో! ‘వింటే తేలిక, పాడితే మాత్రం పడవ కదలడం లేదు’ అని రాశావు చూడు, కిటుకంతా అక్కడే ఉంది. ఆ పడవ మాటల మీద ఊగుతుందిరా. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత శ్రుతి గొడవలోకి వస్తాను.

బాణీ కాసేపు మర్చిపోయి, పల్లవిని పద్యంలా పైకి చదువు. గురువుకి, అంటే పొడుగు అక్షరానికి రెండు మాత్రలు, లఘువుకి, అంటే పొట్టి అక్షరానికి ఒకటి. ‘లాహిరి’లో లా రెండు, హి ఒకటి, రి ఒకటి, వెరసి 4 మాత్రలు. అలాంటివి మూడొచ్చాక ‘లో’ వస్తుంది. దాన్ని నాలుగు మాత్రల దాకా సాగదీస్తే 16. ‘ఓహో’ నాలుగు, ‘జగమే’ నాలుగు, ‘ఊగెను’ నాలుగు, సాగదీసిన ‘గా’ నాలుగు. మళ్ళీ 16. ‘తారాచంద్రుల’ చూడు, ‘విరిసే వెన్నెల’ చూడు, అన్నీ నాలుగేసి మాత్రల ముక్కలే. చదువుతుంటేనే చెయ్యి తాళం వేసేస్తుంది.

అన్నీ అలాగే ఉంటే మరీ కవాతులా అయిపోను. పాట రాసిన పింగళి నాగేంద్రరావుగారు అక్కడక్కడా చిన్న ఒడుపు చేశారు. ‘అలల ఊపులో’ అన్నచోట ఆగు. అలల 3, ఊపులో 5. మొత్తం ఎనిమిదే, లెక్క తప్పలేదు, కానీ తాళం రెండో దెబ్బ ‘ఊ’ నడిమధ్యలో పడుతుంది. అంటే ఊపు అనే మాట దగ్గరే లయ ఒక పక్కకి ఒరిగి మళ్ళీ సర్దుకుంటుంది. ‘పూల వలపుతో’ కూడా అదే తూకం, 3, 5. ‘పిల్లవాయువుల’దీ అదే తూకం, పిల్ల 3, వాయువుల 5. చాలామంది ఇక్కడ నాలుగు నాలుగుగా నరికి ‘అలలఊ... పులో’ అని ‘ఊ’ని రెండుసార్లు నొక్కుతారు. పడవ నేలకి తగిలి ఆగినట్టుంటుంది. నీది ఆగిందీ అక్కడేనని నా అనుమానం. దెబ్బ చేతిలో ఉండనీ, గొంతులోకి రానివ్వకు.

పిల్లవాయువులంటే గుర్తొచ్చింది. తెలుగువాడి నోట వచ్చేది ‘పిల్లగాలి’. ఆయన దానికి సంస్కృతపు వాయువుని తగిలించారు. ‘పిల్లగాలుల’ అని పాడి చూడు, 7 మాత్రలే వస్తాయి, ఒకటి తక్కువ. ‘వాయువుల’ అనగానే ఎనిమిదీ నిండుతాయి. పైగా వెంటనే వచ్చే ‘లాలనలో’కి ఆ ‘వుల’ మెత్తగా దారి ఇస్తుంది. ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ పుట్టించిన చెయ్యి కదా, వ్యాకరణం ముక్కు విరిస్తే విరవనీ అనుకొని ఉంటుంది. అసలు ‘లాహిరి’ మాటే చూడు. లాహిరి అంటే మత్తు. దాని పక్కనే చెవికి ‘లహరి’ వినిపిస్తుంది, అంటే అల. పడవ మీద పాడే ప్రేమపాటకి ఇంతకంటే మంచి మాట దొరుకుతుందా!

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి. చరణాలు తీసుకొని క్రియలెక్కడున్నాయో వెతుకు. విరిసే వెన్నెల, ఘుమఘుమలాడే వాయువులు, మైమరపించే నౌక, అన్నీ విశేషణాలే. వాక్యాన్ని ముగించే క్రియ ఒక్కటీ లేదు. అన్నీ ‘లో’తో వేలాడుతుంటాయి. పరవడిలో, ఉరవడిలో, లాలనలో, కలకలలో, మిలమిలలో, మధురిమలో, చివరికి దేవుని అల్లరిలో. బళ్ళో ‘కి, కు, యొక్క, లో, లోపల’ అని వల్లె వేసిన ఆ ‘లో’యే. ఏమైంది ఆ వెన్నెల్లో, ఆ అలల్లో? జవాబు పల్లవిలో ఉంది: జగమే ఊగింది, తూగింది. మూడు చరణాలూ పల్లవి దగ్గరికి వస్తేగాని వాక్యం పూర్తి కాదు. అందుకే ఈ పాట మధ్యలో ఆపితే మనసు ఒప్పుకోదు. ఒకసారి మొదలైతే చివరిదాకా నోట్లో నానుతూనే ఉంటుంది.

దీన్నిబట్టి మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. చరణం చివరి ‘లో’ దగ్గర స్వరం కిందికి దించి ముగించెయ్యకండి. అలా చేస్తే జనం చప్పట్లు కొట్టేస్తారు, పల్లవి కొత్తగా మొదలైనట్టవుతుంది. ‘లాలనలో’ తర్వాత చిన్న ఊపిరి తీసుకొని పల్లవి అందుకోవాలి. పెద్ద ఊపిరి 16 మాత్రలకి ఒకసారి చాలు. ‘ఊగెనుగా’, ‘తూగెనుగా’ మధ్య మాత్రం ఊపిరి తీయొద్దు, ఆ రెండూ ఉయ్యాల రాకపోకలు.

చెల్లెమ్మ అడిగిందన్నావు, బాణీ ఎవరిదని. 1957లో విజయా సంస్థ, కె.వి.రెడ్డిగారి దర్శకత్వంలో తీసిన ‘మాయాబజార్’కి టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అనే ఉంటుంది. అయితే మొదట పని మొదలుపెట్టింది సాలూరు రాజేశ్వరరావుగారు. నాలుగు పాటలకి వరసలు కట్టి ఆయన తప్పుకున్నారు. ‘లాహిరి’ ఆ నాలుగింటిలో ఒకటి. వాద్యాలు సమకూర్చి, రికార్డు చేసి, పి.లీలతో కలిసి పాడింది ఘంటసాల. కాబట్టి ఇద్దరి పేర్లూ చెప్పమను, సభలో ఎవరూ తగువుకి రారు. లీలగారు మలయాళీ. అయినా ఆ ‘ఝల్లన’, ‘చల్లని’లలో ల్లకారం ఎంత నిండుగా పలికారో విను. ఇప్పటి పాటల పోటీల్లో మన పిల్లలే దాన్ని ఒంటి లకారం చేసేస్తున్నారు. ల్ల తేలిపోతే ప్రాస పోతుంది, ముందు అక్షరం గురువు లఘువై మాత్ర కూడా పోతుంది. చెల్లెమ్మని ఆ చరణం వరకు నాలుగు సార్లు విడిగా పలకమను.

ఇదే వరసకి తమిళంలో ‘ఆహా ఇన్బ నిలావినిలే’ అని పాట ఉంది. అదీ ఘంటసాల, లీలే. ఓసారి విను. మాటలు మారితే అదే వరస వేరేగా నడుస్తుంది. మాటకీ వరసకీ ఉన్న ముడి ఎక్కడుందో తేలిగ్గా తెలుస్తుంది.

రాగం మోహన. స రి గ ప ద, ఎక్కినా దిగినా ఇవే. మధ్యమం లేదు, నిషాదం లేదు. హార్మోనియం మీద పరీక్ష చెయ్యాలంటే మూడు నల్లమెట్లు కలిసి ఉన్న గుంపులో మొదటిదాన్ని షడ్జం, అంటే ‘స’ చేసుకో. అక్కణ్ణించి నల్లమెట్ల మీదే నడిస్తే అయిదూ మోహన స్వరాలే, తెల్లమెట్టు తాకక్కర్లేదు. అది నాలుగున్నర శ్రుతి. చెవి పట్టుబడేదాకా అలా వాయించుకో.

తప్పు ఎక్కడొస్తుందంటే, గ నుంచి ప కి మధ్య ఖాళీ ఎక్కువ, ద నుంచి పై స కీ అంతే. గమకం, అంటే స్వరానికి ఊపు, వేస్తున్నామనుకొని గొంతు జారితే ఆ సందులో మధ్యమమో నిషాదమో దూరుతుంది. ముఖ్యంగా దిగేటప్పుడు. అవి రెండూ పడ్డాయంటే పాట బిలహరి రాగం వాసన కొడుతుంది, పేరు చెప్పలేనివాళ్ళకి కూడా ఏదో తేడా వచ్చిందని తెలిసిపోతుంది. అందుకని మొదటి వారం గమకాలు మానెయ్యండి. స్వరం మీంచి స్వరానికి నేరుగా దూకండి. నిలకడ వచ్చాక జారుడు అదే వస్తుంది.

ఇద్దరికీ ఒకే శ్రుతి కుదర్చడం అసలు కష్టం. మగగొంతుకి ఒకటి, రెండు సుఖం, ఆడగొంతుకి ఐదు, ఐదున్నర. సగం దూరంలో ఆగుదామని లెక్కలు కట్టకు. పాటలో నీకు అన్నిటికంటే పైన ఉన్న చోటు వరసగా మూడుసార్లు పాడు. మూడోసారి గొంతు బిగిస్తే అర శ్రుతి దించు. తర్వాత చెల్లెమ్మని తన అడుగుస్వరం పాడమను. గాలి తప్ప స్వరం రాకపోతే అర శ్రుతి పెంచు. రాజీ కుదరకపోతే నీ వైపే మొగ్గు. అడుగుస్వరం సన్నగా వస్తే మైకు ఆదుకుంటుంది, బిగిసిన పైస్వరాన్ని ఏ మైకూ బాగుచెయ్యలేదు.

పాడేముందు ఒకసారి ఆ దృశ్యం చూడండి, అదీ నలుపు తెలుపులో. 2010లో రంగులద్ది విడుదల చేశారుగాని, ఈ పాటకి మాత్రం పాతదే కావాలి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీగారి వెన్నెల అది. అప్పటి ఫిల్ముకి నిజమైన వెన్నెల వెలుగు చాలదు, కాబట్టి వెన్నెలని పుట్టించుకోవాలి. దానికో పాత పద్ధతుంది. వెలుగుని కెమెరాకి ఎదురుగా, మనుషుల వెనక ఉంచి, లోపలికి వచ్చే కాంతి తగ్గిస్తే నీరంతా ముదురుగా, అలల కొసలు మాత్రం తళుక్కుమంటాయి. ఆకాశం తెల్లబడకుండా ఎర్ర ఫిల్టరు వేస్తారు. వెలుగు వెనక ఉంది కాబట్టి మొహాలు నల్లబడతాయి, వాటికి విడిగా మెత్తటి దీపం పెట్టాలి. ఆ దీపం కాస్త ఎక్కువైందా, వెన్నెల ఎండైపోతుంది. ఈ పాటలో సావిత్రి చెంప మీది వెలుగు, వెనక నీటి మెరుపు ఒకే చంద్రుడివే అనిపిస్తాయి.

ఇంకో విశేషం గమనించు. పడవ మీద మూడు జంటలు కనిపిస్తాయి. శశిరేఖా అభిమన్యులు, రుక్మిణీ కృష్ణులు, రేవతీ బలరాములు. అక్కినేనికీ, ఎన్టీఆర్‌కీ, గుమ్మడికీ అదే ఘంటసాల గొంతు, వాళ్ళ జోడీలకి అదే లీల గొంతు. వయసుని బట్టి గొంతు మార్చి నటించలేదు. పాట పడవలాంటిది, ఎవరెక్కినా అలాగే తీసుకెళ్తుంది. మీరూ కుర్ర ప్రేమికుల్లా గొంతు సన్నం చెయ్యకండి. షష్టిపూర్తి దంపతుల ముందు పాడుతున్నారు, బలరాముడి దర్జాతో పాడితే ఇంకా బావుంటుంది!

ముందు మూడు రోజులు చదవడం, తర్వాత వారం గమకాల్లేకుండా, ఆ పైన శ్రుతిపెట్టెతో. ఏ శ్రుతి కుదిరిందో రాయి. ‘అలల ఊపులో’ దగ్గర పడవ కదిలిందో లేదో కూడా రాయి.

నీ
సూరి