పెడల్ స్టీల్‌ను బోర్లా తిప్పి చూసి కొను

నెల్లూరు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం చేరింది. "చవగ్గా దొరికే పెడల్ స్టీల్ ఏదో ఒకటి చెప్పు, మిగతాది నేను చూసుకుంటా" అని రాశావు. ఆ మిగతాదే రా అసలు కథంతా. పేరుకు గిటారే గానీ, బల్లలా పరిచి తీగల మీద కడ్డీ జారిస్తూ, కింద పెడళ్లు తొక్కుతూ వాయిస్తారు. అది వీణకీ కుట్టుమిషనుకీ పుట్టిన బిడ్డ. పైన పది తీగలు, కింద ఇరుసులు, తీగల్ని లాగే సన్నకడ్డీలు, స్ప్రింగులు. ఖరీదైనదానికీ చవకదానికీ పైభాగంలో పెద్ద తేడా కనపడదు, తేడా అంతా అడుగునే ఉంటుంది. అందుకని ఫొటోలో మెరుపు చూసి మోసపోవద్దు, బోర్లా తిప్పిన ఫొటో అడుగు.

అసలు ఆ పెడళ్లు ఏం చేస్తాయో ముందు నీ బుర్రకెక్కాలి. అమెరికా వాళ్లు ఈ పది తీగలకూ ఇంగ్లీషు అక్షరాల్లో చెప్పే 'ఇ నైన్త్' శ్రుతిని మన స్వరాల్లోకి మార్చుకుంటే ఐదు నిమిషాల పని. నీకు దగ్గరగా ఉండే లావు తీగ పదోది, అది మంద్ర పంచమం. తొమ్మిది మంద్ర కైశిక నిషాదం. ఎనిమిది షడ్జమం, ఏడు చతుశ్రుతి రిషభం, ఆరు అంతర గాంధారం, ఐదు పంచమం, నాలుగు తార షడ్జమం, మూడు తార గాంధారం. ఇక రెండు, ఒకటి వరస తప్పి ఉంటాయి: రెండోది తార షడ్జానికి కిందుండే కాకలి నిషాదం, ఒకటోది తార రిషభం. కొత్తవాళ్లు తికమక పడేది ఇక్కడే.

ఇప్పుడు పెడళ్లు. 'ఎ' తొక్కితే 5, 10 తీగల్లో పంచమం చతుశ్రుతి ధైవతం అవుతుంది. 'బి' తొక్కితే 3, 6 తీగల్లో గాంధారం శుద్ధ మధ్యమం అవుతుంది. 'సి' తొక్కితే నాలుగో తీగ షడ్జం నుంచి రిషభానికీ, ఐదోది పంచమం నుంచి ధైవతానికీ ఎక్కుతాయి. మోకాలి లివర్లలో ముఖ్యమైనవి రెండు: ఒకటి 4, 8 తీగల షడ్జాన్ని శుద్ధ రిషభానికి ఎత్తుతుంది, ఇంకోటి అదే షడ్జాన్ని కాకలి నిషాదానికి దించుతుంది. గోటువాద్యంలో కడ్డీ జరిగితే దాని కింద ఉన్న తీగలన్నీ కలిసే జరుగుతాయి. ఇక్కడ చేతిలో కడ్డీ కదలకుండా రెండు తీగలు మాత్రం వంగుతాయి, పక్కవి నిలబడి మోగుతూనే ఉంటాయి. ఈ వాయిద్యం సొగసంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. మోగుతున్న తీగను పెడల్‌తో వంచడం 1953-54 ప్రాంతంలో అమెరికా వాద్యకారుడు బడ్ ఐజాక్స్ వాయించాకే జనానికి పట్టింది. అప్పుడు 'ఎ', 'బి' రెండూ ఒకే పెడల్. వాటిని విడగొట్టినవాళ్లు బడ్డీ ఎమన్స్, జిమ్మీ డే.

ఇక ఏది కొనాలి అంటావా, మూడు పెడళ్లు, నాలుగు లివర్లు ఉన్నదాన్నే వెతుకు. 1970ల నాటి షో-బడ్ మావెరిక్ లాంటి పాత విద్యార్థి మోడళ్లు చూడముచ్చటగా ఉంటాయి, చవగ్గా కూడా దొరుకుతాయి. కానీ మూడు పెడళ్లకు ఒక్కటే లివర్, తర్వాత చేర్చుకుందామంటే కింద యంత్రాంగం అంత సులువుగా ఒప్పుకోదు. ఆర్నెల్లకే నీకు చాలదు. కార్టర్ స్టార్టర్ తయారీ ఆగిపోయింది కాబట్టి వాడిందే దొరుకుతుంది. స్టేజ్ వన్ కూడా విద్యార్థుల కోసమే చేసింది. ఈ రెండిట్లోనూ మూడు పెడళ్లు, నాలుగు లివర్లు ఉంటాయి. కొత్త విద్యార్థి మోడల్ అమెరికాలో వెయ్యి డాలర్లు దాటుతుంది. కచేరీ వాళ్లు వాడేవి నాలుగైదు వేల మాట. దానికి రవాణా, కస్టమ్స్ కలుపుకో. మన అంగళ్లలో దొరికే వస్తువు కాదు గనక వచ్చే చుట్టాల చేత తెప్పించడమే దారి. కేసుతో కలిపి ఇరవై కిలోల చుట్టూ ఉంటుంది, విమానం లగేజీ హద్దు 23 అయితే ముందే తూచమను. గిటారుకు కరెంటు అక్కర్లేదు, కాబట్టి 110 వోల్టుల భయం లేదు. ఆంప్లిఫయర్ మాత్రం అక్కణ్ణుంచి మోయించొద్దు.

అమ్మేవాడి దగ్గర ఒక వీడియో తీయించు. పాట వాయించమనొద్దు. ఒక్కో తీగ మీటి, పక్కన శ్రుతి చూపే ట్యూనర్ కనపడేటట్టు పెట్టి, ఒక్కో పెడల్ మెల్లగా తొక్కి వదలమను. చూడాల్సింది ఎక్కడం కాదు, దిగడం. వదిలాక తీగ మొదటి స్థానానికి వచ్చిందా, రెండు మూడు సెంట్లు (సెంటంటే పక్కపక్క స్వరస్థానాల దూరంలో నూరో వంతు) పైనో కిందో ఆగిపోయిందా? పదిసార్లు తొక్కితే పదిసార్లూ ఒక్కచోటికే రావాలి. ఒక్కోసారి ఒక్కోచోట ఆగితే ఛేంజర్‌లో (కుడి చివర తీగల శ్రుతి మార్చే యంత్రం) మురికి పట్టి ఉండొచ్చు, లేదా ఇరుసుకు సన్నకడ్డీని లాగే బెల్‌క్రాంక్‌ను పట్టుకునే మర వదులై ఉండొచ్చు. ఈ రెండూ ఇంట్లో బాగయ్యేవే, ధర తగ్గించమని అడగడానికి పనికొస్తాయి. ఇరుసు వంగినా, ఛేంజర్ వేళ్ల (ఒక్కో తీగ ఆనే లోహపు ముక్కలు) మీద తీగలు లోతుగా గాడి కోసినా వదిలెయ్. ఇంకోటి: ఎ, బి కలిపి తొక్కినప్పుడు ముట్టని నాలుగో తీగ ఎన్ని సెంట్లు కిందికి జారుతుందో చూడు. పది తీగలు కలిసి నూరు కిలోలకు పైనే లాగుతుంటాయి. పెడల్ తొక్కితే ఆ లాగుడు పెరిగి చెక్క కాస్త వంగుతుంది. మూడు నాలుగు సెంట్లయితే సర్దుకోవచ్చు, పది దాటితే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

గిటారు ఇంటికొచ్చాక అందరూ చేసే తప్పు ఒకటుంది. పెడల్ శ్రుతి తగ్గిందని కుడి చివర నైలాన్ నట్లను బిగించుకుంటూ పోతారు. ఎక్కువ గిటార్లలో దానికి 3/16 అంగుళాల నట్ డ్రైవర్ పడుతుంది. మరీ బిగిస్తే తీగను లాగే సన్నకడ్డీకి వదులు లేకుండా పోయి, పెడల్ వదిలినా ఛేంజర్ వేలు తన ఆపు మీద పూర్తిగా కూర్చోదు. అప్పుడు మామూలు శ్రుతే దొంగదవుతుంది. అందుకని ముందు ఆ నట్టును బయటికి తిప్పుతూ పో, శ్రుతి మారడం ఆగేదాకా. తర్వాత ఎడమ చివర మరలతో ముట్టని తీగల శ్రుతి చెయ్. ఆ తర్వాతే పెడల్ తొక్కిపట్టి నట్టు బిగించు. ఎంత బిగించినా పైకెక్కకపోతే తప్పు నట్టుది కాదు, పెడల్ ప్రయాణం చాలట్లేదు. కింద ఆపు మర ఒక చుట్టు వదులు చెయ్.

అంకెలు కూడా రాసిస్తా, దగ్గర పెట్టుకో. ట్యూనర్‌లో షడ్జం తీగలు (4, 8) 8 సెంట్లు పైన. పంచమాలు (5, 10) 10 పైన. గాంధారాలు (3, 6) 6 కింద. ఎ తొక్కినప్పుడు ధైవతం 8 కింద, బి తొక్కినప్పుడు మధ్యమం 6 పైన. షడ్జాన్ని ఎత్తే లివర్ నొక్కితే 22 కింద. ఇదేం పిచ్చి అనుకోవద్దు. హార్మోనియం గాంధారం తంబురాలో వినపడే గాంధారం కంటే 14 సెంట్లు ఎక్కువ. ఆ తేడానే ఇది. ట్యూనర్ ముల్లు నడిమధ్యకు తెస్తే మూడు తీగలు కలిసి మోగినప్పుడు ఆ ధ్వని వణుకుతుంది. చివరికి తీర్పు చెవిదే, అంకెలు దారి చూపడానికే.

తీగల సంగతి. మూడో తీగ 0.011 అంగుళాలది, తెగేది అదే. లెక్కేస్తే పన్నెండు కిలోల పైన లాగుడు మీద ఉంటుంది, బి తొక్కితే పద్నాలుగు. పైగా ప్రతి తొక్కుకూ ఛేంజర్ వేలి మీద ఒకేచోట వంగుతుంది. నెలకోసారి తెగితే అనుకోవచ్చు గానీ వారానికోసారి తెగితే ఆ వేలి మీద గీత పడిందని అర్థం. 1000 నంబరు, తర్వాత 2000 నంబరు ఎమెరీ కాగితంతో, తీగ పోయే దిశలోనే మెల్లగా నునుపు చెయ్. పూర్తి సెట్టు ఇది: 12, 15, 11, 14, 17, 20 సాదా తీగలు, 26, 30, 34, 38 చుట్టిన తీగలు. అన్నీ అంగుళంలో వెయ్యో వంతు లెక్క. సెట్టు బయటినుంచే తెప్పించుకోవాలి, కానీ అదనపు తీగల కోసం ఆగక్కర్లేదు. మామూలు ఎలక్ట్రిక్ గిటారు '11' సెట్టులో నీకు 11, 14, 38 దొరుకుతాయి, '10' సెట్టులో 17, 26. పదింట్లో ఐదు తీగలకు మీ ఒంగోల్లోనే గతి ఉంది.

మన గాలి సంగతి నీకు చెప్పాలా! కొత్తపట్నం వైపు నుంచి ఉప్పుగాలి కొడుతుంటే సాదా తీగలు వారంలో గరుకవుతాయి. వాయించాక పొడి నూలుగుడ్డతో ఒక్కో తీగ పైనా కిందా తుడువు. కేసులో సిలికా జెల్ సంచులు నాలుగు పడెయ్. ఛేంజర్‌కూ ఇరుసుల చివర్లకూ ఆర్నెల్లకోసారి ఒక్కో చుక్క కుట్టుమిషన్ నూనె, చుక్కంటే చుక్కే. కొబ్బరినూనె జోలికి పోవద్దు, దుమ్ము పట్టి బంకవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కూడా వద్దు.

ఆంప్‌కు పెద్దగా ఆలోచించకు. గిటారు ఆంప్ కంటే కీబోర్డు ఆంప్ నయం, ఎందుకంటే తీగల మోతను పట్టే ఈ పికప్ గట్టిగా అరుస్తుంది, అయినా ధ్వని పగలకూడదు. రివర్బ్ (ప్రతిధ్వని) ఉంటే చాలు. వాల్యూమ్ పెడల్ మాత్రం తప్పనిసరి, అందులో పొటెన్షియోమీటర్ 500 కిలో ఓములది ఉండాలి. 25 కిలో ఓములది పెడితే పైస్వరాలు మూగబోతాయి. సగం తొక్కి మీటు, ధ్వని తగ్గేకొద్దీ మెల్లగా ముందుకు తొయ్. హార్మోనియం బెల్లోస్ లాగా పంపు కొట్టొద్దు. గరగరమంటే పెడల్ పోయిందనుకోకు, కాంటాక్ట్ క్లీనర్ కొట్టు.

తీగల మీద జారించే కడ్డీ కొనక్కర్లేదు. లేత్ షాపులో 304 స్టెయిన్‌లెస్ రాడ్డు, 22 మిల్లీమీటర్ల మందం, 83 పొడవు, ఒక కొస అర్ధగోళంగా తిప్పించు. పావుకిలో తూగుతుంది. అసలు పని మెరుగులోనే ఉంది: 400, 800, 1500, 2000 ఎమెరీ, ఆ తర్వాత బఫింగ్. నీ మొహం అందులో కనపడాలి. లేత్ గీతలు మిగిలితే జారించినప్పుడల్లా బుస్సుమంటుంది.

మీ హాల్లో చీమకుర్తి నల్లరాయి పరిచారు కదా, దాని మీద పెడల్ తొక్కితే గిటారే ముందుకు జారిపోతుంది. రబ్బరు చాప వెయ్. చేతుల్లేని కుర్చీ తీసుకో, నీ బొడ్డు పదిహేనో మెట్టుకు ఎదురుగా రావాలి. మోకాళ్లు లివర్ల మధ్య ఊరికే ఉండాలి, ఆనకూడదు. ఎడమకాలు ఒకే మడమ మీద ఎ, బి రెండిటికీ ఊగాలి. మొదటి నెల మూడో మెట్టు మీదే కూర్చో: ఏమీ తొక్కకుండా 4, 5, 6 మీటు, తర్వాత ఎ, బి తొక్కు, వదులు. ఆపైన ఐదో మెట్టుకు జారి ఎ, బి తొక్కు. ఆ మూడు కార్డులతోనే (కలిసి మోగే స్వరాల గుంపులు) బోలెడు పాటలు నడుస్తాయి. కడ్డీ మెట్టుకు సరిగ్గా పైన ఉండాలి, మామూలు గిటారు లాగా వెనక కాదు. దాని వెనకాల ఎడమచేతి వేళ్లు తీగల మీద ఆనకపోతే రొద ఆగదు.

ఆ వీడియో రాగానే నాకు పంపు. మూడో తీగ, బి పెడల్ దగ్గర్నుంచి తియ్యమని మరీ మరీ చెప్పు. అడుగున ఫొటో కూడా పంపించమను, ఇరుసులన్నీ కనపడేటట్టు, లైటు పెట్టి. డబ్బు మాత్రం అప్పటిదాకా కట్టొద్దు.

నీ
స్నేహితుడు