బిల్డర్ వచ్చేదాకా పిల్లర్లు ఆగుతాయా?

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో ఫ్లాటు కొనుక్కుని, దాన్ని అద్దెకిచ్చి, నెల్లూరులోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిన తెలుగువాళ్లు మీ పత్రిక చదువుతారన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను సాలిగ్రామంలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. సంఘానికి కోశాధికారిని. మాది 1991లో కట్టిన బిల్డింగు. కింద కార్ల పార్కింగు, పైన మూడంతస్తులు, మొత్తం పన్నెండు ఫ్లాట్లు. కోడంబాక్కం, వడపళని, మాంబళం వీధుల్లో ఇలాంటివి అడుగడుగునా కనిపిస్తాయి.

మొన్నటి మీటింగులో భూకంపానికి తట్టుకునేలా కింది పిల్లర్లను బలపరచాలన్న ప్రతిపాదన వీగిపోయింది. అడ్డుపడిన మాట ఒకటే. "ఎలాగూ కూల్చి కొత్తగా కట్టడానికి బిల్డర్‌కి ఇచ్చేస్తాం కదా, ఇప్పుడెందుకండీ దండగ?" అలా అన్నవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో అన్నారు. ఆ బిల్డింగులో రాత్రిపూట పడుకునేది వాళ్లు కాదు.

మా గేటు పక్క పిల్లర్‌కి మోకాలి ఎత్తులో ఒక తుప్పు మరక ఉండేది. రంగులు వేయించిన ప్రతిసారీ పెయింటర్ దాని మీద పుట్టీ పెట్టి కొట్టేసేవాడు. ఒక వర్షాకాలం గడిచేసరికి మరక మళ్లీ పైకొచ్చేది. ఈసారి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాం. ఆయన చిన్న సుత్తితో తడితే అక్కడ డొల్లగా మోగింది. పెచ్చు ఊడదీసి చూపించారు. లోపలి చువ్వ పొరలు పొరలుగా లేచిపోయి, గోటితో గీకితే రాలుతోంది. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుందట, ఆ ఉబ్బుకే కాంక్రీటు పగిలి విడిపోతుందట. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది మామూలేనని ఆయన అన్నారు. నన్ను అంతకన్నా భయపెట్టింది రింగుల సంగతి. నిలువు చువ్వల చుట్టూ వేసే రింగులు మా పిల్లర్‌లో జానెడు దూరానికొకటి ఉన్నాయి. బీము కలిసే చోట నాలుగంగుళాలకు మించి ఎడం ఉండకూడదని, రింగు కొసలు లోపలికి బాగా వంచి కాంక్రీటు గర్భంలో దిగేలా కట్టాలని నేటి నిబంధన. మావి పైపైన మడిచి వదిలేశారు. బిల్డింగు గట్టిగా ఊగితే ఆ రింగులు విచ్చుకుంటాయి, చువ్వలు బయటికి వంగిపోతాయి, పిల్లరు కూలుతుంది.

"చెన్నైకి భూకంపాలేంటండీ" అనేవాళ్లకు కొన్ని తేదీలు గుర్తుచేస్తాను. 2001 సెప్టెంబర్ 25న పాండిచ్చేరి తీరానికి అవతల సముద్రంలో సుమారు 5.5 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఇక్కడి జనం బయటికి పరుగెత్తారు. 2004 డిసెంబర్ 26న వచ్చిన సునామీ అందరికీ గుర్తుంది గానీ, అలలు రాకముందు ఆ పొద్దున్న ఇక్కడ మంచాలు ఊగిన సంగతి చాలామంది మరిచిపోయారు. 2012 ఏప్రిల్ 11 మధ్యాహ్నం సుమత్రా దగ్గర 8.6 తీవ్రతతో వచ్చినప్పుడు ఆఫీసులన్నీ రోడ్ల మీదే ఉన్నాయి. భూకంపాలకు తట్టుకునేలా భవనాలను ఎలా డిజైన్ చేయాలో చెప్పే జాతీయ ప్రమాణం ఐఎస్ 1893 కోడ్. దాన్ని 2002లో సవరించినప్పుడు చెన్నైని రెండో జోన్ నుంచి, భూకంప ప్రమాదం అంతకన్నా ఎక్కువగా లెక్కగట్టే మూడో జోన్‌లోకి మార్చారు. కింది అంతస్తును ఖాళీగా వదిలితే అక్కడి పిల్లర్లను మామూలు లెక్కకు రెండున్నర రెట్ల భూకంప బలానికి డిజైన్ చేయడం వంటి జాగ్రత్తలు కూడా అప్పుడే చేర్చారు. అంటే మాలాంటి బిల్డింగులు ఆనాటి రూల్ ప్రకారం కట్టినవే అయినా, ఈ లెక్కకు చాలవు.

కింది అంతస్తు మీదే ఇంత పట్టింపు ఎందుకంటే, పై అంతస్తుల్లో గదిగదికీ ఇటుక గోడలు ఉంటాయి కాబట్టి అవి బిగిసి ఒక్క ముద్దగా కదులుతాయి. కింద గోడల్లేవు, పిల్లర్లే. నిండు బీరువాను సన్నకాళ్ల స్టూలు మీద నిలబెట్టినట్టు, ఊపంతా ఆ కాళ్ల మీదే పడుతుంది. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో, కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలాయి. వాటిలో చాలావాటికి కింద ఖాళీ పార్కింగే. మేం ఆ పైన ఇంకొంత బరువు కూడా ఎక్కించాం. 2019 నీటి ఎద్దడిలో మేడ మీదికి అదనపు ట్యాంకులు చేరాయి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఒక టన్ను.

ఇంజనీరు చెప్పిన పని పెద్ద వింతేమీ కాదు. కింది పిల్లర్లన్నిటికీ పునాది దాకా తవ్వి, చుట్టూ కొత్త చువ్వలు, దగ్గర దగ్గరగా రింగులు కట్టి కాంక్రీటు జాకెట్ వేయడం. దాంతోపాటు కొన్ని పిల్లర్ల మధ్య బిల్డింగు పొడవు వైపూ వెడల్పు వైపూ సరితూగేలా కాంక్రీటు గోడలు లేపడం. "తుప్పు పట్టిన రెండిటికే వేయించండి, సరిపోతుంది" అని ఒక మేస్త్రీ సలహా ఇచ్చాడు. అలా చేస్తే ఒక పక్క గట్టిపడి, ఒక పక్క బలహీనంగా ఉండి, ఊగినప్పుడు బిల్డింగు మెలి తిరుగుతుందని ఇంజనీరు గట్టిగా వద్దన్నారు. తుప్పు మీద సిమెంటు మెత్తించుకుని పనైపోయిందనుకునే సంఘాలన్నీ ఈ మాట వినాలి.

అసలు గొడవంతా ఆ గోడల దగ్గరే మొదలైంది. వాటివల్ల రెండు కార్ల జాగా పోతుంది. ఎవరి కారు వీధిలో పెట్టాలి? సేల్ డీడ్‌లో పార్కింగ్ రాసి ఉందని ఒకరు, మా ఫ్లాటు రేటు పడిపోతుందని ఇంకొకరు. ఇంటికి లక్షన్నర దాకా పడుతుందన్న అంచనా కన్నా ఈ కార్ల జాగా మీదే ఎక్కువసేపు కేకలు వేసుకున్నాం. లిఫ్టు పెట్టించుకున్నప్పుడు ఇంచుమించు ఇంత డబ్బూ ఎవరూ కిక్కురుమనకుండా ఇచ్చారు. జాగా పోయినవాళ్లకు మిగతావాళ్లం నెలనెలా కొంత ఇచ్చుకుందాం అన్నాను. అది ఇప్పటికీ సాధ్యమే.

ఇక బిల్డర్ మాట. తమిళనాడు కొత్త అపార్ట్‌మెంట్ ఓనర్‌షిప్ చట్టం ప్రకారం మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే కూల్చి కట్టుకోవచ్చు. మంచిదే. కానీ ఒప్పుకోవడం వేరు, తాళాలు అప్పగించడం వేరు. వారసుల మధ్య కోర్టు కేసులు, బ్యాంకు లోన్లు, అదనపు చదరపు అడుగుల బేరం, పర్మిషన్లు... మా వెనక వీధిలో ఒక బిల్డింగు ఏళ్ల తరబడి "ఇదుగో, వచ్చే సంక్రాంతికి" అంటూనే ఉంది. ఈలోగా అక్కడ ఊడిన పెచ్చులు పూడ్పించడం కూడా మానేశారు. బిల్డర్‌కి ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఇచ్చేదాకా మనుషులు ఉంటారు కదా అంటున్నాను. మా బిల్డింగులో సగం ఇళ్లలో అద్దెకున్నవాళ్లే. ఎడిటింగ్ పని నేర్చుకోవడానికి వచ్చిన గోదావరి జిల్లా కుర్రాళ్లు, మూడో అంతస్తులో ఒక బాలింత. మీటింగులో వీళ్లకు ఓటు లేదు. వీళ్ల తరఫున సంతకం పెట్టాల్సింది ఊళ్లో లేని ఓనర్లే. దయచేసి పెట్టండి. రాలేకపోతే అంగీకార పత్రం పోస్టులో పంపినా చాలు. ఇంజనీరు రిపోర్టు ఇంగ్లీషులో ఉందంటే, తెలుగులో రాసి పంపే పూచీ నాది.

చెన్నై కార్పొరేషన్‌కి కూడా ఒక విన్నపం. పాత భవనాలను పరీక్షించి బలపరచడానికి ఐఎస్ 15988 అనే కోడ్ 2013 నుంచి ఉంది. తరమణిలో కట్టడాల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఎస్ఈఆర్‌సీ, దాని పక్కనే ఐఐటీ మద్రాస్ ఉన్నాయి. భవనాలను ఊపి పరీక్షించే నిపుణులు ఈ ఊళ్లోనే ఉన్నారు. వాళ్ల సాయంతో నమ్మదగిన ఇంజనీర్ల జాబితా ఒకటి వార్డు ఆఫీసుల్లో పెట్టించండి. 2002కి ముందు కట్టిన, కింద పార్కింగున్న బిల్డింగులకు తొలి పరీక్ష ఖర్చు భరించండి. పిల్లర్లు బలపరిచిన వాళ్లకు కొన్నేళ్లు ఆస్తి పన్నులో తగ్గింపు ఇవ్వండి. పన్ను తగ్గుతుందంటే మా మీటింగులో కనీసం ముగ్గురు చేతులెత్తేవారని నాకు బాగా తెలుసు.

ఇట్లు,
ఒక అపార్ట్‌మెంట్ సంఘం కోశాధికారి,
సాలిగ్రామం, చెన్నై