ల్యాబులకీ షెడ్లకీ మధ్య దారి తెరవండి

ఎడిటర్ గారికి నమస్కారం,

టీ-హబ్ గురించి, స్టార్టప్‌ల గురించి మీ పేపర్లో తరచూ వార్తలు వస్తుంటాయి, సంతోషమే, కానీ బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో ఉన్న మాలాంటి చిన్న యూనిట్లకి ఈ ఊరి ల్యాబుల్లో ఉన్న విద్య ఎలా అందాలో ఎవరూ రాయట్లేదండి.

పోయినేడాది మా పక్క షెడ్డులో డైలు (లోహపు ముక్కలకి ఆకారమిచ్చే స్టీలు అచ్చులు) వరసపెట్టి పగిలాయి. సాయంత్రం హార్డెనింగ్ చేసినప్పుడు, అంటే గట్టిపడడానికి కాల్చి చల్లార్చినప్పుడు, బాగానే ఉండేవి, తెల్లారేసరికి మూలల్లో వెంట్రుకంత క్రాకు. స్టీలు మీద అనుమానం, ఫర్నేసు మీద అనుమానం, టెస్టింగ్‌కని ఒక సంస్థకి మెయిల్ పెడితే ఎంఓయూ (రాతపూర్వక ఒప్పందం) ఉందా అని అడిగారు, తర్వాత జవాబే లేదు. చివరికి ఎవరి పెళ్లిలోనో కలిసిన రిటైర్డ్ మెటలర్జిస్టు (లోహాల నిపుణుడు) ఒకాయన "క్వెంచింగ్ అయ్యాక టెంపరింగ్‌కి ఎంతసేపు ఆపుతున్నారు" అని ఒక్క ప్రశ్న వేశారు. క్వెంచింగ్ అంటే కాల్చిన ముక్కని ఒక్కసారిగా చల్లార్చడం, టెంపరింగ్ అంటే పెళుసుతనం తగ్గడానికి దాన్ని మళ్లీ కొంచెం వేడి చేయడం. రాత్రంతా ఆపి పొద్దున చేస్తున్నారు, అదే కారణం. ముక్క పూర్తిగా చల్లారకముందే, చేత్తో పట్టుకునే వేడి ఉండగానే టెంపరింగ్‌కి పెట్టేయాలట. అలా చేశాక క్రాకులు ఆగిపోయాయి.

ఈ సంగతి చెప్పగలిగే వాళ్లు లోహాల మీద పరిశోధన చేసే కంచన్‌బాగ్ డీఎంఆర్‌ఎల్‌లో, బాలాపూర్ ఏఆర్‌సీఐలో, టూల్స్ తయారీ నేర్పే మా బాలానగర్ సీఐటీడీలోనే బోలెడంతమంది ఉంటారు, అయినా మాకు దొరికింది పెళ్లిలో.

కలిసి పనిచేస్తే ఏమవుతుందో ఈ ఊరు చూడని సంగతేం కాదు. శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు ఉస్మానియాలో మొదలుపెట్టి సీసీఎంబీ (కేంద్ర ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ) ల్యాబుల్లో పనిచేసుకుని 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు, మామూలోళ్లకి కూడా అందే ధరకి. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు. మనుషులు అటూ ఇటూ తిరిగితేనే విద్య తిరిగింది, ఒట్టి ఎంఓయూల మీద సంతకాలతో కాదు.

ల్యాబులని ఇండస్ట్రీతో కలపడానికే ప్రభుత్వం రిచ్ అని ఒక సంస్థ పెట్టింది కదా, వాళ్లు పెద్ద కంపెనీల దగ్గర ఆగకుండా మా ఎస్టేట్లకి కూడా రావాలి. నెలకోరోజు ఒక మెటలర్జిస్టు, ఒక కెమిస్టు మా అసోసియేషన్ ఆఫీసులో కూర్చుంటే చాలు, పాడైన ముక్కలు మేమే పట్టుకొస్తాం. ఏ ల్యాబులో ఏ మెషీన్ ఉంది, టెస్టుకి ఎంత, రిపోర్టు ఎన్ని రోజులకి, అది తెలుగులో ఒక్క చోట పెట్టండి. మా డ్రాయింగులు బయటికి పోతాయేమోనని భయపడే ఓనర్లు కూడా ఉన్నారు, అది నిజమైన భయమే, అందుకని ఒక పేజీ ఒప్పందం ముందే తయారుచేసి పెడితే వాళ్లూ ముందుకొస్తారు.

ఇట్లు,
ఒక చిన్న టూల్ రూమ్ యజమాని,
బాలానగర్, హైదరాబాద్